చిన్న షాపులకు జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌ను 2బితో ముడిపెట్టడం న్యాయమేనా?

హార్డ్‌వేర్ షాపు, జనగామ
మాది పెయింట్లు, పైపులు అమ్మే షాపు. పన్ను కట్టనని నేను ఏనాడూ అనలేదు. నా గొడవంతా 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన షరతు మీదే. సరుకు కొన్నాను, బిల్లు ఉంది, పన్నుతో సహా బ్యాంకులోంచే డబ్బు కట్టాను. కానీ డీలర్ ఆ బిల్లును తన జీఎస్టీఆర్-1లో, అంటే అమ్మకాల రిటర్నులో, ఎక్కించకపోతే నా 2బిలో, అంటే పోర్టల్ తయారుచేసే నా కొనుగోళ్ల బిల్లుల జాబితాలో, కనపడదు. అక్కడ కనపడకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును నేను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేను. లక్ష సరుకు మీద 18 వేలు! ఆ సరుకంతా అమ్మినా నాకు అంత మిగలదు. పెద్ద కంపెనీ అయితే బిల్లు ఎక్కేదాకా పేమెంటు ఆపేస్తుంది. నేను ఆపితే తర్వాతి లోడు రాదు. 5 కోట్ల లోపు టర్నోవరున్న వాళ్లకు ఈ షరతు తీసేయాలి.

జీఎస్టీ ప్రాక్టీషనర్, విజయవాడ
అన్నా, మీ బాధ నిజమే గానీ తీసేయమంటే ఒప్పుకోను. సరుకు కదలకుండా ఉత్త బిల్లులే అమ్ముకున్న వాళ్లను చూశాం కదా. ఆ కాగితంతో క్రెడిట్ వాడుకున్నవాడు ధర తగ్గించి అమ్ముతుంటే, నిజాయితీగా కట్టే షాపు నిలబడలేకపోయింది. బిల్లుకు బిల్లు సరిపోల్చకుండా దాన్ని ఆపే దారి నాకైతే కనపడలేదు. పైగా డీలర్ ఆలస్యంగా ఎక్కించినా తర్వాతి నెల 2బిలో వస్తుంది. భారం తగ్గాలంటే మూడు నెలల రిటర్ను పద్ధతి ఉంది, కోటిన్నర లోపైతే అమ్మకాల మీద 1 శాతం కట్టేసే కాంపోజిషన్ పథకం ఉంది.

హార్డ్‌వేర్ షాపు, జనగామ
కాంపోజిషన్‌లోకి వెళ్తే నాకు ఇన్‌పుట్ ఉండదు, నా దగ్గర కొనే కాంట్రాక్టర్లకూ క్రెడిట్ రాదు. వాళ్లు పక్క షాపుకు పోతారు. మూడు నెలల పద్ధతి అంటారా? రిటర్నే మూడు నెలలకోసారి, పన్ను మాత్రం మొదటి రెండు నెలలూ 25వ తేదీలోగా కట్టాలి. కొన్నవాళ్లకు క్రెడిట్ ఆగకూడదంటే 13వ తేదీలోగా బిల్లులూ ఎక్కించాలి. ఇక తగ్గిన పనేముంది? డీలర్ బిల్లు వచ్చే నెల ఎక్కిస్తే ఈ నెల పన్ను నేను చేబదులు తెచ్చి కట్టాలి.

కిరాణా, ఖమ్మం
మా బాధ అసలు గేటు దగ్గరే మొదలవుతుంది. సరుకులు అమ్మేవాళ్లకు 2019 నుంచి ఆంధ్రాలో ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. అంటే రోజుకు అయిదున్నర వేల గల్లా. కిరాణాకు అదో లెక్కా? నందిగామలో అంతే అమ్మే కొట్టుకు లేని పని మాకెందుకు? ఒకసారి నంబరు తీసుకున్నాక అమ్మకం లేని నెలకు కూడా రిటర్ను వేయాలి, ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు. 2025 జులైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న కొట్లకు నోటీసులు ఇచ్చారు. పన్నే లేని కూరగాయలు, పాలు అమ్మేవాళ్లకు కూడా. క్యూఆర్ కోడ్ పెట్టుకోవాలంటేనే భయపడే రోజులొచ్చాయి.

జీఎస్టీ ప్రాక్టీషనర్, విజయవాడ
ఖమ్మం అన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను, ఆ తేడా ఉండకూడదు. జనగామ అన్నకు ఒక సలహా: పోర్టల్‌లో లాగిన్ లేకుండానే డీలర్ జీఎస్టీ నంబరు కొట్టి, ఏ నెల రిటర్ను ఎప్పుడు వేశాడో చూడొచ్చు. సరుకు ఎత్తేముందే చూసుకోండి.

హార్డ్‌వేర్ షాపు, జనగామ
చూస్తూనే ఉన్నాను. ఆ కంపెనీ పైపులకు మా దగ్గర ఒక్కడే డీలర్, చూసి ఎవరి దగ్గరికి పోను? ఎవరు ఎక్కించలేదో పోర్టల్‌కు నాకంటే ముందే తెలుసు కదా. అలాంటప్పుడు ముందు అతని దగ్గర వసూలు చేయాలి. అతను దొరకకపోతేనే నా దగ్గరికి రావాలి. దొంగ బిల్లులు ఆపడానికి ఇది అడ్డమెలా అవుతుందో చెప్పండి.