డిసెంబరు 26న మ్యూనిక్ నుంచి అమ్మానాన్నలతో ఒక్కరోజు ప్రయాణం: ఎటు?

మ్యూనిక్‌లో చెల్లెలి ఇంట్లో 23 రాత్రి నుంచి 27 దాకా ఉంటాం. అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి, అమ్మకు మోకాళ్ల నొప్పి.

24న న్యూరెంబర్గ్ క్రిస్మస్ సంత చూద్దామనుకుంటే అది మధ్యాహ్నం 2కే మూసేస్తారు. ఆ రోజు గురువారం, సెలవు కాదు. బయర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రంలో లోకల్ రైళ్లకు ఒక్కరోజు పాస్) ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, లోకల్ రైల్లో చేరేసరికి దాదాపు 11. హడావుడే మిగులుతుంది.

నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట 24, 25ల్లో మూత. 26న తెరుస్తారు గానీ ఆన్‌లైన్లో మాకు టికెట్లు దొరకలేదు. దొరికినా కింద నుంచి కోటకు అరగంట పైనే ఎక్కుడు. మంచు పడితే షటిల్ బస్సు తిరగదు, టికెట్ మీది సమయం దాటితే లోపలికి పంపరు. పెద్దవాళ్లతో ఆ రిస్కు నాకిష్టం లేదు.

26 సెలవు కాబట్టి బయర్న్ టికెట్ అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది, ఐదుగురి దాకా ఒకటే చాలు. అందుకే ఇప్పుడు బవేరియాలోనే ఉన్న రేగెన్స్‌బర్గ్, సరిహద్దు అవతలి సాల్జ్‌బర్గ్ మిగిలాయి. రెండింటికీ నేరుగా లోకల్ రైళ్లున్నాయి. సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో ఉన్నా స్టేషన్ దాకా ఇదే టికెట్. నాలుగున్నరకల్లా చీకటి పడుతుంది కనుక ఒకే రోజు రెండూ చూడటం కుదరదు.

స్టేషన్ నుంచి పాత ఊళ్లోకి తక్కువ నడక, రాళ్లు పరిచిన వీధుల్లో జారే భయం తక్కువ: ఈ లెక్కన రెండింట్లో ఏది ఎంచుకోమంటారు?