ఎమర్జెన్సీ మెడిసిన్ ఎండీ తీసుకోవచ్చా? హైదరాబాద్ టీచింగ్ ఆసుపత్రిలో సీటు వచ్చేలా ఉంది

మిర్యాలగూడ_హౌస్‌సర్జన్

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ పక్కన ఊరు. ఎంబీబీఎస్ నల్లగొండ సర్కారు మెడికల్ కాలేజీలో చేశాను, హౌస్‌సర్జన్సీ కూడా అక్కడే అయిపోయింది. ఇప్పుడు పీజీ కౌన్సెలింగ్ నడుస్తోంది. నా ర్యాంకుకు జనరల్ మెడిసిన్ ఎక్కడో దూరంగా కష్టం మీద రావచ్చు, ఎమర్జెన్సీ మెడిసిన్ ఎండీ మాత్రం హైదరాబాద్‌లోనే పెద్ద టీచింగ్ ఆసుపత్రిలో వచ్చేలా ఉంది. క్యాజువాలిటీ పోస్టింగ్‌లో నాకు ఆ పని బాగా నచ్చింది. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద యాక్సిడెంట్ అయి వచ్చినవాళ్లు, గుండె పట్టేసిందని వచ్చినవాళ్లు, అప్పటికప్పుడు ఏదో ఒకటి చేయాలి, చేస్తే తేడా కళ్ల ముందే కనిపిస్తుంది.

మా నాన్నకు మాత్రం నచ్చట్లేదు. క్యాజువాలిటీ డాక్టరంటే ఎంబీబీఎస్ వాళ్లే చేస్తున్నారు కదా, దానికి ఇంకో మూడేళ్లు ఎందుకు, రేపు మిర్యాలగూడలో బోర్డు పెట్టుకుంటే ఎవరొస్తారు అంటున్నాడు. ఆయన మాట కూడా కొట్టిపారేయలేను, భూమి తాకట్టు పెట్టి చదివించాడు. నిజంగా అక్కడ నేర్పిస్తారా, లేక స్ట్రెచర్లు తోసుకుంటూ మూడేళ్లు గడిచిపోతాయా? డ్యూటీలు ఎట్లా ఉంటాయి? అయిపోయాక మన వైపు పని దొరుకుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

దేవరకొండ_ఫైనలియర్

చెల్లె, నేను ఇదే బ్రాంచిలో ఫైనలియర్, హైదరాబాద్‌లోనే. నువ్వు కనుక్కోవాల్సింది ముందుగా ఒకటుంది. రాత్రి రెండింటికి ఊపిరాడని పేషెంట్ వస్తే ఊపిరి గొట్టం ఎవరు వేస్తున్నారు? ఎమర్జెన్సీ రెసిడెంట్ వేస్తుంటే, పక్కన ఫ్యాకల్టీనో సీనియర్ రెసిడెంటో నిలబడి చూస్తుంటే, అది నేర్చుకునే చోటు. అట్లా కాకుండా అనస్తీషియా వాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) పట్టుకుని నిలబడే చోటైతే మూడేళ్ల తర్వాత నీకు బాగా వచ్చేది రెఫరల్ రాయడమే. బిల్డింగు ఎంత పెద్దది, పడకలెన్ని అన్నది తర్వాత సంగతి. పేరున్న ఆసుపత్రుల్లో కూడా రెండో రకం ఉన్నాయి, ఫ్యాకల్టీ పగలు రౌండ్ చేసి వెళ్లిపోతారు, రాత్రంతా ఫస్టియర్ల మీదే నడుస్తుంది. దాన్ని ట్రైనింగ్ అనరు, పేషెంట్లకూ ప్రమాదమే.

మంచి చోట ఎట్లా ఉంటుందో ఒక్క కేసు మీద చెప్తా, నీకు అర్థమవుతుంది. పత్తికి మందు కొట్టే రోజుల్లో మన జిల్లాల నుంచి పురుగుల మందు కేసులు వరసగా వస్తాయి, తాగినవాళ్లే కాదు, ఎండలో మాస్కు లేకుండా పొద్దంతా స్ప్రే చేసి పడిపోయినవాళ్లు కూడా. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు అయితే నోట్లో నురగ, ఛాతీ నిండా గురగుర. దానికి ఇచ్చే విరుగుడు అట్రోపిన్, ఒక ఆంపూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములు, మొదటి డోసుకే మూడు నుంచి ఐదు ఆంపూల్స్ పడతాయి, ఐదు నిమిషాలకు మళ్లీ విని, తగ్గకపోతే డోసు రెట్టింపు, మళ్లీ ఐదు నిమిషాలకు ఇంకా రెట్టింపు. ఒకరు ఆంపూల్స్ పగలగొడుతుంటే ఇంకొకరు సిరంజిలోకి లాగుతుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు కంటిపాప పెద్దదైంది కదా అని ఆపేస్తారు. అప్పుడే పక్కనున్న మేడమ్ స్టెతస్కోప్ నీ చేతికిచ్చి, కన్ను కాదు, ఊపిరితిత్తులు విను, తడి ఆరిందా, బీపీ ఎంతుంది, నాడి ఎంతుంది అని అడగాలి. పుస్తకంలో ఇది రెండు లైన్లే. మంచం పక్కన అడిగే మనిషి ఉంటేనే ఒంటబడుతుంది.

ఫస్టియర్‌లో ఎక్కువ ట్రయాజ్ (ఎవరిని ముందు చూడాలో తేల్చడం), పసుపు ఏరియా (మధ్యస్థంగా సీరియస్‌గా ఉన్నవాళ్ల చోటు). ఛాతీ నొప్పి అని ఎవరొచ్చినా పది నిమిషాల్లో ఈసీజీ తీసి చూడాలి, ఇది మొదటి వారంలోనే అలవాటు చేయిస్తారు. అనస్తీషియా, ఐసీయూ, ఆర్థో, పిల్లల విభాగం రొటేషన్లు ఉంటాయి. ఆపరేషన్ థియేటర్లో అనస్తీషియా వాళ్ల దగ్గర గడిపే రోజులు వృథా చేసుకోకు, స్థిమితంగా ఎయిర్‌వే, అంటే ఊపిరి దారి కాపాడటం నేర్చుకునేది అక్కడే. ఛాతీలో ట్యూబ్, అల్ట్రాసౌండ్ ప్రోబ్ పట్టుకుని పొట్టలో రక్తం ఉందా చూడటం, ఇవన్నీ నీ చేత చేయిస్తారా అని అక్కడి సెకండియర్లను అడుగు. హెచ్‌ఓడీని (విభాగం పెద్దను) అడిగితే అన్నీ ఉన్నాయనే అంటారు.

డ్యూటీలు షిఫ్టుల్లో ఉంటాయి, మెడిసిన్ వాళ్లలా ముప్పై ఆరు గంటలు లాగడం తక్కువ. 1992 కేంద్ర రెసిడెన్సీ స్కీములో ఒక స్ట్రెచ్‌కు 12 గంటలు, వారానికి 48 అని ఉంది, అయినా చాలా చోట్ల అది కాగితం మీదే. రోస్టర్ ఫొటో పంపమని అడుగు, సిగ్గుపడకు.

జడ్చర్ల_హైవే

అమ్మా, మీ నాన్న అడిగినదానికి నేను చెప్తాను. నేను ఎమర్జెన్సీ ఎండీ చేసి పాలమూరు వైపే పనిచేస్తున్నాను. ఈ బ్రాంచిని మన దేశంలో విడిగా గుర్తించిందే 2009లో, కాబట్టి పెద్దవాళ్లకు తెలియకపోవడం సహజం. బోర్డు పెట్టుకుని క్లినిక్ నడిపే చదువు ఇది కాదు, అది ముందే ఒప్పుకోవాలి. ఆసుపత్రి జీతం మీద, షిఫ్టుల మీద బతకాలి. ఇంట్లో ఈ మాట స్పష్టంగా చెప్పు, తర్వాత నిరాశ ఉండదు. తర్వాత డీఎం క్రిటికల్ కేర్ (ఐసీయూ వైద్యంలో పై చదువు) చేయాలనుకుంటే దారి ఉంది.

మూడేళ్లు ఎందుకంటావా? తెల్లవారుజామున ఒక పిల్లవాణ్ణి తెస్తారు, రాత్రి కింద చాప మీద పడుకున్నాడు, కడుపు నొప్పి అంటాడు, ఒంటి మీద కాటు గుర్తు ఏమీ ఉండదు. గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపేవాళ్లు ఉన్నారు. కనురెప్పలు కొంచెం వాలుతున్నాయని నువ్వు గమనిస్తే కట్లపాము గుర్తొస్తుంది, కాసేపట్లో ఊపిరి తీసుకోలేడని ముందే తెలిసి గొట్టం సిద్ధం చేసుకుంటావు. రక్తపింజర అయితే వేరే కథ, శుభ్రమైన పొడి గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి వంచి చూడాలి, గడ్డ కట్టలేదంటే విషం ఎక్కినట్టే. యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు) పిల్లలకైనా పెద్దలకైనా మొదట అదే 8 నుంచి 10 వయల్స్, పిల్లవాడని తగ్గించకూడదు. ఇవి హైదరాబాద్ దాకా ఆగే కేసులు కావు. ఇటువంటి పిల్లలు మా దగ్గర లేచి నడిచి వెళ్లారు, అందుకే నేను ఇక్కడ ఉన్నాను.

మన వైపు ఇంకోటి ఉంది. కల్తీ కల్లు అలవాటైనవాళ్లకు రెండ్రోజులు దొరక్కపోతే వణుకు, ఫిట్స్, పిచ్చి మాటలు. గాలి సోకిందని ఊళ్లు తిప్పి చివరికి తెస్తారు. ఇవన్నీ పట్నం ఆసుపత్రిలో నేర్చుకుంటావు, కానీ పనికొచ్చేది ఇక్కడే. ఉద్యోగాలకు కొదవ లేదు, 44వ నంబరు హైవే మీద షాద్‌నగర్ నుంచి కిందికి చూసుకో, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, మీ వైపు నల్లగొండ, సూర్యాపేట అన్నిచోట్లా సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. చేసేవాళ్లే తక్కువ.

నకిరేకల్_108

నేను డాక్టర్ను కాను మేడమ్, 108 అంబులెన్సులో ఈఎంటీని, దారిలో అత్యవసర వైద్యం చేసేవాణ్ణి. 65వ హైవే మీద తిరుగుతాం. మీ చదువు గురించి నాకు తెలియదు కానీ ఒక్కటి చెప్తాను. మేం దారిలో ఫోన్ చేస్తే ఎత్తి, బీపీ ఎంత, స్పృహ ఉందా అని అడిగి, గేటు దగ్గర స్ట్రెచర్‌తో ఎదురొచ్చే డాక్టర్లు ఉన్న చోట మనిషి బతికే అవకాశం వేరు. కొన్నిచోట్ల ఎంఎల్‌సీ (పోలీసు కేసు కాగితం) రాసేదాకా పేషెంట్‌ను దించుకోరు. ముందు వైద్యం, పోలీసు కాగితం తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, అయినా గేటు దగ్గర మేం కొట్లాడాల్సి వస్తుంది. మీరు వెళ్లే ఆసుపత్రి ఎట్లాంటిదో తెలియాలంటే అక్కడి 108 వాళ్లను అడగండి, ఉన్నది ఉన్నట్టు చెప్తారు.

కోదాడ_అక్క

చెల్లీ, ఒక్క జాగ్రత్త. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎంఈఎం (మాస్టర్స్ ఇన్ ఎమర్జెన్సీ మెడిసిన్) అని కూడా ఉంటుంది, దానికి జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) గుర్తింపు లేదు. పని నేర్పేవాళ్లు లేరని కాదు, కానీ రేపు మెడికల్ కాలేజీలో ఫ్యాకల్టీగా చేరాలంటే అది పనికిరాదు. ఎండీ గానీ డీఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే పీజీ డిగ్రీ) గానీ అయితేనే తీసుకో. బాండ్ షరతులు కూడా సీటు లాక్ చేయకముందే చదువుకో.

ఇంకా, అమ్మాయిలకు రాత్రి డ్యూటీ రూమ్ విడిగా ఉందా, గొడవ జరిగితే సెక్యూరిటీ ఎంతసేపట్లో వస్తారు, ఈ రెండూ తప్పకుండా కనుక్కో. చిన్న వయసు మనిషి పోయినప్పుడు బయట యాభై మంది ఉంటారు, ఆ మాట చెప్పడానికి ఫస్టియర్‌ను ఒంటరిగా పంపే ఆసుపత్రి నాకు తెలుసు. అది చాలా అన్యాయం. సీనియర్ వెంట ఉండి, కూర్చోబెట్టి, మన భాషలో మెల్లగా చెప్పడం కూడా నేర్పించాల్సిన విద్యే.

మిర్యాలగూడ_హౌస్‌సర్జన్

అందరికీ చాలా థ్యాంక్స్. శనివారం రాత్రి వెళ్లి ఆ ఎమర్జెన్సీ బయట కూర్చుని చూస్తాను, సెకండియర్ అక్క ఒకరి నంబర్ దొరికింది. నాన్నకు జడ్చర్ల సార్ రాసింది చదివి వినిపించాను, కట్లపాము దగ్గర ఆగి మళ్లీ చదవమన్నాడు, మా బాబాయి కొడుకు అట్లాగే పోయాడు. ఇంకొక్క డౌట్, పీజీలో ఉండగానే జిల్లాకు పంపిస్తారట కదా?

దేవరకొండ_ఫైనలియర్

అవును చెల్లె, డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ ప్రోగ్రామ్. మూడో సెమిస్టర్ నుంచి ఐదో సెమిస్టర్ లోపల మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. ఎక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు. శనివారం వెళ్తే పదకొండు దాటాక వెళ్లు, అప్పుడే రద్దీ మొదలవుతుంది. ఎరుపు ఏరియాలో (ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను చూసే చోట) ఫ్యాకల్టీ ఉన్నారా లేదా చూసి ఇక్కడ రాయి.