అప్‌డేట్: సీజన్ కాని నెలల్లో తీరానికి జనం
సీజన్ అయిపోయాక మా తీరానికి జనాన్ని ఎలా రప్పించాలని అడిగాను కదా, తర్వాత జరిగింది ఇదీ.

రేట్లు తగ్గిస్తే గదులు కొన్ని నిండాయి. కానీ దుకాణాలన్నీ మూసి ఉంటే ఎవరు ఆగుతారు? ఒక్క రాత్రి ఉండి వెళ్లిపోయారు.

మీలో ఒకరు చెప్పిన కెనడాలోని టొఫీనో అనే తీరపు ఊరి ఉదాహరణే దారి చూపింది. అక్కడ చలికాలపు తుఫాను అలలు చూడటానికే రమ్మని పిలుస్తారు. 1996లో తెరిచిన వికనినిష్ ఇన్ అనే హోటల్ ఆ పద్ధతికి పేరు తెచ్చింది.

మేమూ ఎండకు బదులు అలలను, వలస పక్షులను చూపిస్తున్నాం. దుకాణాలవాళ్లు మాట్లాడుకుని వంతులవారీగా తెరుస్తున్నారు, నాకు అన్నిటికన్నా సంతోషం అదే. జారే రాళ్లకు చాలా ఇవతలే తాడు కట్టి, కాపలాకు మనిషిని పెట్టాం. ఇందులో మాత్రం రాజీ పడకండి. వారం మధ్యలో కూడా బుకింగ్‌లు వస్తున్నాయి. అందరికీ థాంక్స్.