“మీరేమిటోళ్లండీ?”: కులం పేరెత్తని ప్రశ్న

గోదావరి జిల్లాలలో వినబడే “మీరేమిటోళ్లండీ?” అన్న ప్రశ్నకు అర్థమేమిటని ఒక సభ్యురాలు అడిగారు. ఇది కులాన్ని అడిగే ప్రశ్న. “ఏమిటి వాళ్లు” అన్నది కుదించుకొని “ఏమిటోళ్లు” అయింది. ఇందులోని “మీరు” గౌరవార్థకం కాదు, ఎదుటివారి ఇంటివారినందరినీ కలుపుకొన్న బహువచనం. పిల్లవాణ్ణి “నువ్వు” అని పలకరించే పెద్దమనిషే ఇక్కడికి వచ్చేసరికి “మీరేమిటోళ్లురా?” అనడం అందువల్లనే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ ప్రశ్నలో కులం అన్న మాటే లేకపోవడం. అమలాపురం, రాజోలు వైపు పెళ్లిపందిట్లోనో బస్సులోనో కొత్తవారు కలిస్తే ముందు ఊరు, తరువాత ఇంటిపేరు, అప్పటికీ తేలకపోతే ఏ వీధి, ఏ పేట అని అడుగుతారు. పక్కన కూర్చున్న పిల్లలు ఇదంతా వింటూనే ఉంటారు. వారిలో ఒకరు “ఆయనది ఏ కులం నాన్నా?” అని సూటిగా అడిగితే మాత్రం “తప్పు, అలా అడగకూడదు” అని ఊరుకోబెడతారు. ఆరా తీయవచ్చునని, పేరెత్తకూడదని వారికి ఆ విధంగా బోధపడుతుంది. దళితుల పేట నుంచి వచ్చిన పిల్లవాడికి ఈ పాఠం మరింత కఠినంగా అందుతుంది. ఊరిపేరు చెప్పి అక్కడితో ఆగాలని అతడు చిన్ననాడే నేర్చుకుంటాడు.

జాతి విషయంలో అమెరికాలో జరిగి, 2008లో ప్రచురితమైన అధ్యయనం ఒకటి ఇక్కడ గుర్తుకు వస్తుంది. కొన్ని ముఖచిత్రాలలో ఒకదానిని వీలైనన్ని తక్కువ ప్రశ్నలతో గుర్తించమన్నప్పుడు 8, 9 ఏళ్ల పిల్లలు 10, 11 ఏళ్ల వారికంటే మెరుగ్గా చేశారు. పెద్దపిల్లలు ఒంటిరంగును ప్రస్తావించడానికే వెనుకాడారు. కులం ముఖం మీద కనిపించదు కనుక మన పిల్లలు దానిని పెద్దల మాటలలోనే పట్టుకోవలసి వస్తుంది. అందుచేత ఇటువంటి పలుకుబడులు మన దగ్గర ఇంకా ఎక్కువ పని చేస్తాయని నా అభిప్రాయం.

2022 మే నెలలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో మంత్రి ఇంటికి నిప్పు పెట్టినప్పుడు, ఎందుకని అడిగిన పిల్లలకు కులం పేరెత్తకుండా నిజమైన జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ పలుకుబడిని నిఘంటువులో చేర్చేవారు “వివరాలడుగు” అని దాటవేయక, “కులమడుగు” అనే అర్థం వేయాలని కోరుతున్నాను. నరసాపురం, పాలకొల్లు వైపు దీనికి వేరే రూపాలుంటే అక్కడి సభ్యులు తెలియజేయగలరు.