అప్‌డేట్: నడుము వంకర గప్పీ పిల్లల సంగతి

నడుము వంకరతో పుట్టిన మూడు గప్పీ (తొట్టిలో పెంచే చిన్న చేప) పిల్లల్ని చంపేయాలా, పెంచాలా అని రెండు నెలల కిందట అడిగాను. జవాబిచ్చినవాళ్ళందరికీ థ్యాంక్స్.

"వంకర సంగతి తర్వాత, తింటున్నాయా లేదా చూడండి" అన్న సలహానే పనికొచ్చింది. రెండు వంకరగానే ఈదుతూ మేతకి అందరికన్నా ముందొస్తున్నాయి. మగవని తేలాక ఆడవి లేని తొట్టిలోకి మార్చాను. మూడోది అడుగున పొట్టమీద పాకేది, మేత మూతి ముందు పడినా అందుకోలేకపోయేది. దాన్ని బాధ లేకుండా చంపడానికి లవంగ నూనెని గోరువెచ్చని నీళ్ళలో గిలక్కొట్టి, అది ఉన్న నీళ్ళలో కొద్దికొద్దిగా పోశాను. మొప్పలు ఆగాక కూడా అరగంట అలాగే ఉంచాను. చేతులు వణికాయి. ఫ్రీజర్‌లో పెట్టి చంపమన్న సలహా మాత్రం పాటించలేదు, అది నరకం.

వంకర చేపల టీబీ వల్లేమోనన్న టెన్షన్ అనవసరమేనట. పెద్దవన్నీ బాగున్నాయి, వంకర పుట్టుకతోనే ఉంది కాబట్టి అన్నాచెల్లెళ్ళనే కలుపుతూ పోవడం వల్లే అయ్యుంటుందన్నారు డాక్టర్‌గారు. వాటర్ టెస్టులకి పెట్టిన డబ్బు దండగ. కొత్త మగచేప తెచ్చాను, కానీ ఆడ గప్పీ పాత వీర్యాన్ని నెలల తరబడి దాచుకుంటుంది, వచ్చే కాన్పులోనూ ఒకటీ అరా వంకరవి పుట్టొచ్చు.