చక్రాల మీద గాజు బల్ల: ఇందులో డిజైనర్ పనితనం ఎక్కడుంది?

ప్రశ్న

ఇటలీకి చెందిన గాయే ఔలెంటి 1980లో ఫోంటానా ఆర్టే సంస్థ కోసం రూపొందించిన కాఫీ టేబుల్ ఫొటోలను రెండు రోజులుగా చూస్తున్నాను. మందపాటి గాజు పలక, దాని కింద నాలుగు మూలల్లో రబ్బరు తొడిగిన నాలుగు పెద్ద చక్రాలు, అంతే. కాళ్లు లేవు, చట్రం లేదు. ఆ చక్రాలు కర్మాగారాల్లో వాడే రకమేనని చదివాను. అలాంటప్పుడు ఇందులో డిజైనర్ చేసినదేమిటో తెలిసినవారు వివరించగలరా? తప్పుపట్టడానికి అడగడం లేదు. బల్ల నాకు ఎంతో నచ్చింది, ఎందుకు నచ్చిందో తెలుసుకోవాలని ఉంది.

మొదటి సమాధానం

ఔలెంటి 1979లో ఆ సంస్థకు కళా దర్శకురాలయ్యారు. అక్కడి కర్మాగారంలో గాజు పలకలను ఒక చోటి నుంచి మరో చోటికి చక్రాలున్న చెక్కబండ్ల మీద తరలించేవారు. ఆమె ఆ బండిలోని చెక్కను తీసేసి, అది మోసే గాజునే చక్రాల మీద పెట్టారు. అంతవరకూ సరుకుగా ఉన్న గాజు అలా బండిగా మారింది. ఇదే సంస్థ కోసం 1932లో పియెత్రో కియేజా ఒకే గాజు పలకను రెండు వైపులా వంచి, లోహమే లేకుండా బల్ల చేశారు. ఆయన గాజు చేతనే కాళ్ల పని చేయిస్తే, ఈమె గాజును వంచకుండా వదిలి, బరువంతా చక్రాలకు అప్పగించారు.

రెండవ సమాధానం

నేను గాజు పనిలో ఉన్నవాడిని కనుక పని వైపు నుంచి చెబుతాను. మామూలు బల్లకు బిగింపులు వికారంగా ఉన్నా పై చెక్క వాటిని కప్పేస్తుంది, గాజు దేన్నీ కప్పదు. అందువల్ల చక్రాన్ని పట్టి ఉంచే లోహపు భాగం కూడా పైనుంచి చూసేవారికి నచ్చేలా ఉండాలి. పైగా టఫెన్డ్ గాజును, అంటే వేడిచేసి చప్పున చల్లార్చి గట్టిపరిచే గాజును, కొలిమిలో పెట్టకముందే కోత, రంధ్రాలు, అంచుల పాలిష్ అన్నీ ముగించాలి, ఎందుకంటే ఆ తరువాత డ్రిల్ పెడితే పలక మొత్తం ముక్కలైపోతుంది. మరొకటి గమనించండి: ఆ చక్రాలు ఏ దిక్కుకైనా మళ్లే రకం కాబట్టి, బల్లను తోసి వదిలినప్పుడు ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు తిరిగి ఆగవచ్చు, అదంతా గాజులోంచి కనిపిస్తుంది.

మూడవ సమాధానం

దొరికిన వస్తువును వాడుకోవడం డిజైన్ కాదనుకుంటే, 1957లో ఇటలీ డిజైనర్లు కాస్తిల్యోని సోదరులు ట్రాక్టర్ సీటుతో రూపొందించిన స్టూలును కూడా పక్కన పెట్టాల్సి వస్తుంది. ఔలెంటి వాస్తుశిల్పి కూడా. పారిస్‌లో 1900 నాటి రైల్వే స్టేషన్ 1986లో ఓర్సే మ్యూజియంగా తెరుచుకున్నప్పుడు, దాని లోపలి అమరిక ఆమెదే. అక్కడ కూడా ఆమె స్టేషన్ పైకప్పు వంపును దాచలేదు.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. రెండవ సమాధానం చదివాక ఫొటోలను మళ్లీ చూశాను. 1993లో ఆమె సైకిల్ చక్రాలతో చేసిన ‘టూర్’ బల్లలో నా చూపు ముందుగా చక్రాల మీదే ఆగిపోతోంది, గాజు తరువాతే గుర్తుకొస్తోంది. 1980 నాటి బల్లలో రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయి, అందుకే నాకు పాతదే మేలైనదనిపిస్తోంది.