గరాజ్‌కి ఇన్సులేషన్ చేస్తే లోపల ప్లాస్టిక్ షీట్ కొట్టాలా వద్దా?

చలిపులి: అందరికీ నమస్తే. మాది మిన్నియాపోలిస్ పక్కన, ఇంటికి ఆనుకునే ఉన్న రెండు కార్ల గరాజ్. ఇంటి వైపు గోడకి డ్రైవాల్ (జిప్సం పలక) ఉంది, మిగతా గోడలకి టూ బై ఫోర్ స్టడ్లు (నిలువు చెక్కలు) అలాగే కనపడుతుంటాయి. చలికాలం లోపు ఆర్-13 బ్యాట్స్ (స్టడ్ల మధ్య పెట్టే ఫైబర్‌గ్లాస్ దిండ్లలాంటివి) పెట్టి చిన్న హీటర్ పెట్టుకుని జిమ్ చేద్దామని నేను, అక్కడ పొయ్యి పెట్టుకుని వేపుళ్ళూ చేపల పులుసూ చేస్కుంటా ఇల్లంతా వాసన ఉండదు అని మా ఆవిడ. పక్కింటాయనేమో 6 మిల్ పాలీ షీట్ (మందపాటి ప్లాస్టిక్) కొట్టకపోతే ఇన్సులేషన్ దండగ అన్నాడు, డాలస్‌లో ఉన్న మా తోడల్లుడేమో అది కొడితే గోడ కుళ్ళిపోద్ది చచ్చినా కొట్టొద్దంటాడు. ఇద్దరూ సొంత చేతుల్తో గరాజ్ చేస్కున్నోళ్ళే, ఎవరి మాట వినాలి?

ఫ్రిస్కో బాబు: మీ తోడల్లుడికి నా ఓటు. ఇక్కడ డాలస్ పక్కన ఫ్రిస్కోలో మేం కొన్న ఇంటి గరాజ్‌లో పాత ఓనరు డ్రైవాల్ వెనక పాలీ కొట్టి మినీ స్ప్లిట్ ఏసీ పెట్టుకున్నాడు. రెండో ఎండాకాలం ఏదో ముక్కిన వాసన వస్తోందని బేస్‌బోర్డ్ పీకి చూస్తే ఫైబర్‌గ్లాస్ తడిసి ముద్ద, స్టడ్ల అడుగున నల్లగా బూజు. బయట ఇటుక వాన నీళ్ళు పీల్చుకుంటుంది, ఎండ పడగానే ఆ తడంతా ఆవిరై లోపలికి వస్తుంది, ఇటేమో ఏసీకి ఆ ప్లాస్టిక్ చల్లగా ఉంటుంది. చల్ల మజ్జిగ గ్లాసుకి బయట నీళ్ళు పట్టినట్టే, కాకపోతే ఇది గోడ లోపల పడుతుంది కాబట్టి తుడిచే దిక్కుండదు.

మంచులో మల్లి: బాబు గారూ, మీ గోడ సంగతి నిజమే గానీ బిల్డింగ్ కోడ్ వాతావరణ జోన్లలో (నంబరు పెరిగేకొద్దీ చలి) మీది జోన్ 3, ఆయనది జోన్ 6. అక్కడ జనవరిలో మైనస్ 20 ఫారన్‌హీట్ పడ్డ రాత్రుళ్ళుంటాయి, అప్పుడు ఆవిరి మీకు వచ్చినట్టు బయట్నించి లోపలికి రాదు, లోపలి వెచ్చటి గాలిలోంచి బయటికి పోతూ చల్లటి షీతింగ్ (స్టడ్లకి బయటివైపు కొట్టే పలక) దగ్గర ఆగి మంచు కడుతుంది. జోన్ 5 నుంచి పైకి కోడ్ లోపలి వైపు క్లాస్ 1 గానీ 2 గానీ రిటార్డర్ (ఆవిరికి అడ్డు, క్లాస్ నంబరు తగ్గితే అడ్డు ఎక్కువ) పెట్టమనేది అందుకే. పాలీ క్లాస్ 1, బ్యాట్‌కి అంటించి వచ్చే గోధుమ రంగు క్రాఫ్ట్ పేపర్ క్లాస్ 2. పేపర్ ఉన్న బ్యాట్ మీద మళ్ళీ పాలీ మాత్రం వద్దు. సిటీ ఇన్‌స్పెక్టర్‌ని ఒకసారి అడిగి మొదలెట్టండి.

స్క్రూడ్రైవర్ శాస్త్రి: షీట్ ఉందా లేదా అని కొట్టుకుంటున్నారు గానీ కన్నాల సంగతి ఎవరూ మాట్లాడరేంటి? చలి ప్రాంతాల లెక్క ఒకటి చెప్తుంటారు, నాలుగు బై ఎనిమిది డ్రైవాల్ షీట్ గుండా చలికాలం మొత్తంలో ఇంకిపోయే నీరు క్వార్ట్‌లో (క్వార్ట్ అంటే దాదాపు లీటరు) మూడో వంతు, అదే షీట్‌కి ఒక చదరపు అంగుళం కన్నం ఉంటే గాలితో పాటు పోయేది 30 క్వార్ట్లు. అవుట్‌లెట్ డబ్బాలు, వైర్లు దూరిన చోట్లు, కింద సిల్ ప్లేట్ (గోడ అడుగు చెక్క) సందులు ముందు మూయండి, ముఖ్యంగా ఇంటికీ గరాజ్‌కీ మధ్య గోడ, లేకపోతే కారు పొగ బెడ్రూమ్‌లోకొస్తుంది. రోజుకి గంట జిమ్‌కి పాలీ ఎందుకండీ, ఆ గరాజ్ తలుపు సందుల్లోంచే సగం ఆవిరి పోద్ది.

మంచులో మల్లి: గంట జిమ్ అయితే మీరన్నట్టే వదిలేద్దును శాస్త్రి గారూ. కారు కిందనుంచి కరిగే మంచు ఉంది, పులుసు ఆవిరి ఉంది, ఇంతకీ హీటర్ ఏంటో ఆయన చెప్పలేదు. పొగ గొట్టం లేని ప్రొపేన్‌ది అయితే ఒక గ్యాలన్ కాలితే ముప్పావు గ్యాలన్‌కి పైనే నీరు ఆవిరిగా గదిలోకే వదుల్తుంది.

చలిపులి: ప్రొపేనేనండి 🙈 పొయ్యి కూడా అదే సిలిండర్ మీద అనుకున్నాం.

స్క్రూడ్రైవర్ శాస్త్రి: అమ్మ బాబోయ్. తలుపేసుకుని ప్రొపేన్ కాలిస్తే పోయేది గోడలు కాదు సార్ మనుషులు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు. కరెంట్ హీటర్ పెట్టుకోండి, ఇంట్లో డిటెక్టర్ పనిచేస్తోందో లేదో ఇవాళే చూసుకోండి.

ఫ్రిస్కో బాబు: తేమని బట్టి మూసుకుని తెరుచుకునే స్మార్ట్ మెంబ్రేన్లు వస్తున్నాయిగా, చలికి అడ్డుపడి ఎండాకాలం ఆరనిస్తాయి. రేటెక్కువే అనుకోండి.

స్క్రూడ్రైవర్ శాస్త్రి: గరాజ్‌కా? పట్టుచీర కట్టుకుని గొడ్లపాకకి పోయినట్టు.

చలిపులి: సరే, నిన్న సిటీకి ఫోన్ చేశా, పేపర్ ఉన్న బ్యాట్స్ చాలన్నారు. కన్నాలకి ఫోము, తర్వాత బ్యాట్స్, పైన డ్రైవాల్, ఎందుకంటే ఆ పేపర్‌కి నిప్పు అంటుకుంటుందట, అలా బయటికి వదిలేయకూడదట. కరెంట్ హీటర్ ఆర్డర్ పెట్టా. మా ఆవిడ ఇదంతా చదివి పొయ్యి వెనక డెక్ మీదికి మార్చింది, మే దాకా వేపుళ్ళు లేవంట. తోడల్లుడు మాత్రం ఇంకా పేపర్ చింపేయమనే అంటున్నాడు.

ఫ్రిస్కో బాబు: మీకు పేపర్ వైపు గది లోపలికి రావాలి, గుర్తుంచుకోండి. మా వీధిలో ఒకాయన పేపర్ మీద బొమ్మలుండే వైపు బయటికే అనుకుని మొత్తం తిప్పి కొట్టాడు.